గీతిక గొంతు

వరసగా మూడు రోజులు సెలవులొస్తే సినిమావాళ్ళు ఊళ్ళో ఉండరు. శుక్రవారం జెండా పండగ, శనివారం కృష్ణాష్టమి, ఆపైన ఆదివారం. గురువారం సాయంత్రం ప్యాకప్ అన్నారో లేదో, కెమెరామెన్ గోవా అన్నాడు, కాస్ట్యూమ్స్ అమ్మాయి విజయవాడ అంది, మేనేజరైతే ఎక్కడికో చెప్పకుండానే మాయమయ్యాడు. స్టెఫీ ఒక్కతే తాపీగా, కెమెరా కింద తను కూర్చునే పొట్టి స్టూలు మడిచి వ్యాన్‌లో పెట్టింది. రహమత్ నగర్ ఇంటికి పోయి మూడు రోజులూ నోరు మూసుకుని కూర్చోవాలని ఆమె పథకం. సోమవారం పొద్దున్న డబ్బింగ్ థియేటర్లో గొంతు పరీక్ష ఉంది. వేడినీళ్ళు తాగాలి, పెరుగు మానేయాలి, ఎవరితోనూ అరిచి మాట్లాడకూడదు.

అప్పుడే క్యారవాన్ తలుపు తోసుకుని హీరోయిన్ గీతిక దిగింది. ఆ పిల్ల అసలు పేరు గీతిక కాదు. కొలంబో నుంచి వచ్చింది. అమ్మానాన్నలు పెట్టిన పేరు పోస్టర్ మీద పట్టేలా లేదని నిర్మాతగారి జ్యోతిష్యుడు ఈ పేరు ఖాయం చేశాడు. ఫిల్మ్ నగర్‌లో కంపెనీవాళ్ళిచ్చిన ఫ్లాట్‌లో ఉంటూ ఏడాది కావస్తోంది.

"అక్కా, ఈ మూడు రోజులు నువ్వు ఏం చేస్తావు?"

"ఇంట్లో ఉంటా. నువ్వు మీ ఊరెళ్ళట్లేదా?"

"చెన్నైలో దిగి, ఫ్లైట్ మారి... వెళ్ళడం, రావడం, అంతే అవుతుంది." గీతిక క్యారవాన్ మెట్టు మీదే కూలబడి బూట్లు విప్పుకుంది. "నేను ఇక్కడ ఉంటున్నాను కదా అక్కా. ఏం చూశాను? ఫ్లాట్, జిమ్, క్యారవాన్. మీ వీధి ఎలా ఉంటుందే అని మా అమ్మ అడుగుతుంది. నాకు తెలీదు! కారు అద్దాలు నలుపు. ఈ మూడు రోజులు మా ఇంటి చుట్టూ తిరుగుతాను. నడిచి. నువ్వు రా."

పక్కనే సామాను సర్దుకుంటున్న మేకప్ మనిషి మురిసిపోయాడు. "అబ్బో, తెలుగు ఎంత ముద్దుగా మాట్లాడేస్తోందో!" అన్నాడు. స్టెఫీకి ఒళ్ళు మండిపోయింది. ఆ ముద్దు మాటలన్నీ ఎవరు నేర్పారట? గాల్లోంచి ఊడిపడ్డాయా?

కెమెరా కింద, ఫ్రేములో పడకుండా నక్కి కూర్చుని, భాష రానివాళ్ళకి డైలాగు ముక్కలు ముక్కలుగా అందించడం స్టెఫీ ఉద్యోగం. ప్రాంప్టింగ్ అంటారు. తను గడ్డం కొంచెం ఎత్తితే మొదలుపెట్టమని, రెండు వేళ్ళు చూపిస్తే ఆగమని. అందించేటప్పుడు గొంతులో ఏ భావమూ ఉండకూడదు. ఏడుస్తూ అందిస్తే వాళ్ళు డైలాగు మానేసి ఆ ఏడుపునే అనుకరిస్తారు. అందుకని మాట ఒక్కటే, చప్పగా, ఉప్పూకారం లేకుండా ఇవ్వాలి. ఎంతమంది హీరోయిన్లకో అలా అందించింది స్టెఫీ. తీరా సినిమాలో గొంతు మాత్రం ఇంకెవరిదో, పేరు ఇంకెవరిదో.

ఈ సినిమాకి దర్శకుడు ఆదినారాయణగారు మొదట్లోనే అన్నారు, "ఈ పిల్లకి గొంతు నువ్వే చెప్పమ్మా, టైటిల్స్‌లో నీ పేరు వేయిస్తా" అని. స్టెఫీ తల్లి సరోజమ్మ ఆ ఆదివారమే చర్చిలో లేచి నిలబడి, దేవుడు తన కూతురికి ఇంత మేలు చేశాడని సాక్ష్యం కూడా చెప్పేసింది. అందరూ చప్పట్లు కొట్టి దేవుణ్ణి స్తుతించారు. ఇంతా అయ్యాక, పోయిన వారం ఈ మహాతల్లి "సర్, నా వాయిస్ నేనే ట్రై చేస్తా" అని కళ్ళు పెద్దవి చేసి అడిగింది. ఆయన కరిగిపోయారు. సోమవారం ఇద్దరివీ విందాం, ఏది నప్పితే అది అన్నారు.

"సరే, వస్తాను," అంది స్టెఫీ. ఇంట్లో కూర్చుని ఆ పిల్ల ఏం సాధన చేస్తోందోనని కుళ్ళిపోయే బదులు కళ్ళెదురుగా పెట్టుకోవడమే నయమనిపించింది.

శుక్రవారం పొద్దున్న ఫ్లాట్ కింద కంపెనీ డ్రైవర్ భిక్షం కారు తుడిచి రెడీగా పెట్టాడు. నడిచి వెళ్తామంటే నమ్మలేదు.

"నడుసుడేంది మేడమ్? గీ ఎండల? పొల్యూషన్‌ల? జర ఆలోచించుండ్రి."

"భిక్షం అన్నా, నువ్వు కూడా రా," అంది గీతిక. అతను నవ్వాపుకుంటూ, కారుకి తాళం వేసి కొంత దూరంలో వెనకే నడిచాడు.

ఫిల్మ్ నగర్ రోడ్లన్నీ ఎక్కడం, దిగడమే. కాలనీ ఆఫీసు ముందు జెండా ఎగరేసి బూందీ లడ్డూలు పంచుతున్నారు. గీతిక వరసలో నిలబడి తీసుకుంది. బంగళాల మధ్య ఎవరూ పగలగొట్టకుండా మిగిలిపోయిన నల్లరాతి గుండు కనబడితే దాని మీద చెయ్యి వేసి నిలబడింది. ఇస్త్రీ బండి దగ్గర ఆగి, పెట్టెలో బొగ్గులెలా రాజేస్తారో అడిగి తెలుసుకుంది. ఇస్త్రీ చేసే ముసలావిడ పెట్టె దింపేసి మరీ ఊది చూపించింది. స్టెఫీ ఇన్నేళ్ళుగా ఈ బండి ముందు నుంచే రోజూ పోతోంది. ఆవిడ ఒక్కనాడూ తల ఎత్తి చూసిన పాపాన పోలేదు.

మిర్చి బజ్జీల దగ్గరా అంతే. "తిను బిడ్డా, నాజూగ్గున్నవ్" అంటూ బండి ఆమె గీతిక పొట్లంలో ఒక బజ్జీ ఎక్కువ వేసింది. స్టెఫీ చేతిలో ఖాళీ కాగితం కూడా పెట్టలేదు. పెట్టినా స్టెఫీ తినదనుకోండి. నూనె గొంతుకి చెరుపు. అయినా అడగాలి కదా మనిషన్నాక!

బజ్జీ మంటకి కళ్ళ నీళ్ళు పెట్టుకుని గీతిక అటూఇటూ చూసింది. రోడ్డవతల ఐస్ గోలా బండి. ఒకతను మంచుగడ్డ చెక్కి, పుల్లకి అదిమి, ఎర్రరంగు పానకం పోస్తున్నాడు.

"అది తినొచ్చా అక్కా?"

వద్దనే మాట స్టెఫీ నాలుక చివరిదాకా వచ్చింది. వేడి నూనె సరుకు మీద మంచుగడ్డ పడితే ఏమవుతుందో గొంతుతో బతికేవాళ్ళకి ఒకరు చెప్పనక్కరలేదు. డబ్బింగ్ ఉందంటే వారం ముందు నుంచే ఫ్రిజ్ జోలికి పోరు. ఈ పిల్లకి అదేమీ తెలియదు. ఇన్నాళ్ళూ ఎదురుగా ఉన్న కెమెరాకి మొహం చూపించడమే తప్ప ఒక్కసారైనా మైకు ముందు నిలబడింది లేదు.

"తిను. ఏం కాదు," అంది స్టెఫీ.

"నీకు?"

"నాకు పళ్ళు జివ్వుమంటాయి."

గీతిక పుల్ల చివరిదాకా చప్పరించి, ఎర్రబడ్డ నాలుక బయటపెట్టి ఫోటో తీసుకుని వాళ్ళమ్మకి పంపింది. వెంటనే ఇంకొకటి అడిగింది. రెండోది స్టెఫీయే కొనిపెట్టింది.

శనివారం గోల్కొండ. ఫ్లాట్ నుంచి షేక్‌పేట మీదుగా ఎంతో దూరం లేదు. ఇంత దగ్గర్లో ఇంత కోట ఉందని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదని గీతిక దారి పొడుగునా నొచ్చుకుంది. ముందురోజు జెండా సభకి కట్టిన షామియానాలు ఇంకా విప్పుతున్నారు. దర్వాజా కింద నిలబడి చప్పట్లు కొడితే కొండ మీద వినబడుతుందని భిక్షం చెప్పాడు. అతన్ని కిందే ఉంచి ఇద్దరూ మెట్లెక్కారు. పైకి చేరేసరికి గీతిక రొప్పుతోంది. కింద నుంచి చప్పట్లు సన్నగా, స్పష్టంగా వచ్చాయి. ఆ పిల్ల సంతోషం పట్టలేక గంతులేసింది.

నిన్న ఆ పిల్ల అడిగితే తినమంది, అంతే. ఇవాళ్టిది వేరు. స్టెఫీ తనంతట తానే నోరు తెరిచి, "మనం అరిస్తే కిందకి వినిపిస్తుందేమో అరిచి చూడు," అంది.

"ఏమని?"

"నీ ఇష్టం. గట్టిగా అరిచెయ్."

"భిక్షం అన్నా!" అని అరిచింది గీతిక. గాలికి మాట చెదిరిపోయింది. "ఇంకా గట్టిగా," అంది స్టెఫీ. మళ్ళీ అరిచింది. పక్కన సెల్ఫీలు తీసుకుంటున్న కాలేజీ పిల్లలు కూడా చేరి కోరస్ అందుకున్నారు. మెడ నరాలు తేలేలా అరుస్తున్న ఆ పిల్లని చూస్తూ స్టెఫీ ఫ్లాస్కు మూత తిప్పి, గోరువెచ్చటి నీళ్ళు రెండు గుక్కలు తాగింది. నీళ్ళు దిగుతున్నప్పుడు తన మీద తనకి కొంచెం భయం వేసింది. ఆ భయం కింద హాయిగానూ ఉంది.

సాయంత్రం రహమత్ నగర్‌లో ఉట్టి కొడుతున్నారని భిక్షం నోరు జారాడు. ఇంకేముంది, చూడాల్సిందే. స్టెఫీ వాళ్ళ సందు మొదట్లోనే ఉట్టి కట్టారు. పైకెక్కేవాళ్ళ మీద మేడల మీంచి బిందెలతో నీళ్ళు కుమ్మరిస్తున్నారు. ఎవరో గీతికని పోల్చుకున్నారు. క్షణంలో సందు సందంతా ఆమె చుట్టూ చేరింది. తడిసి ముద్దయిపోయి, డప్పుకి తగ్గట్టు కేకలు పెడుతూ, ఎవరో ఇచ్చిన చల్లటి కూల్‌డ్రింక్ ఎత్తిన సీసా దించకుండా తాగేసింది.

ఎదురింటావిడ స్టెఫీ భుజం తట్టింది. "ఏందే స్టెఫీ, నువ్వు సినిమాల పన్జేస్తున్నా అంటే ఉత్త ముచ్చటే అనుకున్న ఇన్నొద్దులు. నిజంగనే హీరోయిన్ని తోల్కొచ్చినవ్ గదా!"

స్టెఫీ నవ్వింది. ఆ నవ్వు మొహానికి అతికించుకోవడానికి దవడలు నొప్పెట్టాయి. పుట్టి పెరిగిన సందులో తనకో ఉద్యోగముందని జనం నమ్మడానికి కొలంబో నుంచి ఒక పిల్ల రావాల్సొచ్చింది. ఉండు, సోమవారం రానీ అనుకుంది.

ఆదివారం ప్రార్థన అయ్యేసరికి చర్చి గేటు దగ్గర గీతిక కారు ఆగి ఉంది. సరోజమ్మే భోజనానికి పిలిచిందట, నిన్న నీళ్ళ గోలలో. కూతురికి మాటమాత్రం చెప్పలేదు. ఇంట్లో చాప వేసి, నేతి చుక్క వేసి, కోడికూరలో కార్జం ముక్క ఏరి గీతిక పళ్ళెంలో వేసింది. ఆ ముక్క స్టెఫీది. పసితనం నుంచీ స్టెఫీదే. పళ్ళెం వంకే చూస్తూ స్టెఫీ అన్నం కెలికింది.

"చాలు అమ్మా," అంది గీతిక. ఆ మాట సగం మాటగా, సగం గాలిగా వచ్చింది.

సరోజమ్మ గరిటె ఆపింది. నలభై ఏళ్ళుగా చర్చి క్వయర్‌లో పాడుతున్న మనిషి. "అదేంటమ్మా, గొంతు అలా బొంగురుపోయింది? ఏం తిన్నావు?"

గీతిక హుషారుగా వేళ్ళు మడిచింది. బజ్జీలు. ఐస్ గోలా, రెండు. కోట మీద అరవడం. నీళ్ళలో తడవడం. చల్లటి డ్రింకు.

"ఇంకేం, సరిపోయింది! రేపేగా మీ ఇద్దరికీ పరీక్ష? గొంతుతో పనున్నవాళ్ళు ఐసు ముట్టుకుంటారా ఎక్కడైనా?" అని, సరోజమ్మ కూతురి వైపు తిరిగింది. "నువ్వు పక్కనే ఉన్నావు కదే? నువ్వు మూడ్రోజుల నుంచీ పెరుగన్నం కూడా తినకుండా ఫ్లాస్కు మెళ్ళో వేసుకు తిరుగుతున్నావు. ఈ పిల్లకి చెప్పొద్దూ?"

స్టెఫీ మంచినీళ్ళ గ్లాసు అందుకుంది. గీతిక ఆ గ్లాసు వంక చూసింది. దాంట్లోంచి లేస్తున్న ఆవిరి చూసింది. తర్వాత స్టెఫీ మొహం చూసింది. తెలియని మాటకి అర్థం కూడబలుక్కునేటప్పుడు ఆ పిల్ల కనుబొమ్మలు దగ్గరికొస్తాయి. ఇప్పుడూ అలాగే వచ్చి, మెల్లిగా విడిపోయాయి. గీతిక పళ్ళెంలో మిగిలింది శుభ్రంగా తిని, చెయ్యి కడుక్కుని, సరోజమ్మ ఇచ్చిన వేడి ఉప్పునీళ్ళు పుక్కిలించి వెళ్ళిపోయింది.

"అమాయకురాలు," అంది సరోజమ్మ పళ్ళేలు తీస్తూ.

"అందరూ దాన్నే మొయ్యండి!" అని స్టెఫీ గట్టిగా అరిచి, తన గొంతు గుర్తొచ్చి నోరు మూసుకుంది.

సోమవారం డబ్బింగ్ థియేటర్లో ఏసీ చలికి ఆదినారాయణగారు శాలువా కప్పుకుని కూర్చున్నారు. అద్దానికి ఇవతల సౌండ్ ఇంజినీర్ సాయిశ్రీనివాస్. అవతల మైకు, తెర. సీను చిన్నదే. అలిగి వెళ్ళిన మొగుడు తెల్లారగట్ల ఇంటికొస్తాడు, వాకిట్లో పెళ్ళాం కూర్చుని ఉంటుంది. "నేనేం నీ కోసం కూర్చోలేదు. నిద్ర పట్టక కూర్చున్నా." అంతే డైలాగు.

ముందు గీతిక. తెర మీద పెదవి కదిలింది. మైకులో చిరిగిన కాగితం లాంటి శబ్దం వచ్చింది. రెండోసారి అదీ రాలేదు. సాయిశ్రీనివాస్ హెడ్‌ఫోన్స్ తీసి చెవి రుద్దుకున్నాడు.

"ఏంటమ్మా ఇది!" ఆదినారాయణగారు లేచి నిలబడ్డారు. "నువ్వే కదా చెప్తానని నా ప్రాణం తీశావు? ఏం తిన్నావు? ఎక్కడ తిరిగావు?" ఆయన కోపం అటు నుంచి ఇటు మళ్ళింది. "స్టెఫీ, నువ్వు కూడా వెంట ఉన్నావని భిక్షం చెప్పాడు. ఇంత అనుభవం ఉంది, వద్దని చెప్పలేకపోయావా?"

స్టెఫీ అద్దం అవతల ఉన్న గీతిక వైపు చూసింది. చెప్పేస్తుంది. ఇప్పుడు చెప్పేస్తుంది. తినొచ్చా అని అడిగితే అక్కే తినమంది, కొనిపెట్టింది, అరవమంది అని. సినిమా పోతుంది, దీంతోపాటు మిగతా సినిమాలూ పోతాయి. ఫిల్మ్ నగర్‌లో ఒక మాట ఒక ఆఫీసులో పుడితే భోజనాల వేళకి అన్ని ఆఫీసులకీ చేరుతుంది.

అద్దం అవతల నుంచి, మైకులోనే, గీతిక అంది: "అక్క వద్దు అంది సర్. నేనే వినలేదు."

గొంతు బొంగురే. కానీ ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది, ఎక్కడ తగ్గాలో అక్కడ తగ్గింది. ఎవరూ అందించకుండా ఆ పిల్ల పలికిన వాక్యం అది. ఆదినారాయణగారి కోపం సగానికి దిగింది. "చూడు, ఇప్పుడెంత చక్కగా చెప్పింది! ఆ డైలాగు ఇలా చెప్పి ఉంటేనా..." అని తల కొట్టుకుని, "సర్లే. స్టెఫీ, నువ్వు వెళ్ళమ్మా," అన్నారు.

తలుపు దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. గీతిక పక్కకి తప్పుకుని దారిచ్చింది.

మైకు ముందు స్టెఫీ నిలబడింది. మూడు రోజులు నోరు కట్టుకుని కాపాడుకున్న గొంతు. తెర మీద గీతిక పెదవులు. ఆ పెదవుల కదలిక తను అందించిందే. "నేనేం నీ కోసం కూర్చోలేదు. నిద్ర పట్టక కూర్చున్నా." అక్షరం తొణకలేదు. పెదవికి మాట అంగుళం తేడా లేకుండా అతికింది. సాయిశ్రీనివాస్ బొటనవేలు ఎత్తి చూపించాడు.

ఆదినారాయణగారు మాత్రం "ఇంకోటి," అన్నారు. ఇంకోటి చెప్పింది. "అలకుంది కదమ్మా ఆ అమ్మాయికి. ప్రేమా ఉంది." సరేనంది. ఇంకోటి చెప్పింది. ఈసారి ఏడుపు గొంతు పెట్టింది. ఆయన చెయ్యి అడ్డంగా ఊపారు. మామూలుగా చెప్పమన్నారు. మామూలుగా చెప్పింది. ప్రతిసారీ గడ్డం దానంతటదే కొంచెం లేచి, ప్రతిసారీ మాట చప్పగా, శుభ్రంగా, ఎవరి చేతిలోనో పెడుతున్నట్టు బయటికొచ్చింది. స్టెఫీకి ఎంత వెతికినా లోపల ఆ ఉప్పూకారం దొరకలేదు.

చివరికి ఆయన అద్దం ఇవతల నుంచి టాక్‌బ్యాక్ మీట నొక్కి, చాలా మెల్లిగా అన్నారు. "ఒక్క తప్పు లేదమ్మా. కానీ నువ్వు అందిస్తున్నావు. మాట్లాడట్లేదు."

బయటికొచ్చేసరికి నిర్ణయమైపోయింది. పిల్ల గొంతు బాగయ్యేదాకా పది రోజులు ఆగుదాం, ఆమే చెప్తుంది అన్నారు ఆదినారాయణగారు. "నువ్వు పక్కనుండి చూసుకో స్టెఫీ. ఈసారి మాట వినకపోతే నాలుగు తగిలించు," అని నవ్వుతూ శాలువా దులుపుకుని వెళ్ళిపోయారు.

పార్కింగ్ ఏటవాలులో భిక్షం కారు వెనక్కి తీస్తున్నాడు. ఇద్దరూ గోడ నీడలో నిలబడ్డారు. గీతికే మొదలుపెట్టింది. ఒక్కో మాటకి గొంతు పట్టుకుంటోంది.

"నీకు అంత కావాలంటే నన్ను అడగొచ్చు కదా అక్కా."

"అడిగితే ఇచ్చేదానివా?" స్టెఫీకి తెలియకుండానే మాట విసురుగా వచ్చింది.

గీతిక నిజంగానే ఆలోచించింది. "లేదు," అంది. "ఇచ్చేదాన్ని కాదు. నాకూ కావాలి. మా అమ్మ నా గొంతు వినాలి."

"మరి సార్‌తో అలా ఎందుకు చెప్పావు?"

"నిజం చెప్తే నిన్ను పంపేస్తారు. నాకు డైలాగ్ నువ్వు చెప్తేనే వస్తుంది. రేపు కూడా నువ్వే చెప్పు." కొంచెం ఆగి, ఊపిరి తీసుకుంది. "కానీ ఇంక ఏది తినాలి, ఏది వద్దు, ఎక్కడికి వెళ్ళాలి... అవి నిన్ను అడగను. అమ్మని అడుగుతాను."

ఏ అమ్మని అని స్టెఫీ అడగబోయింది. అడగనవసరం లేకపోయింది. గీతిక చేతిలో ఫోను మోగింది. తెర మీద సరోజమ్మ మొహం, నిన్న భోజనాల దగ్గర తీసిన ఫోటో. "వస్తున్నా అమ్మా," అంది గీతిక ఫోనులో, ఆ చిరిగిన గొంతుతోనే గారాలు పోతూ. "ఆ... మిరియాల చారు. సరే. వేడిగా."

ఇంతసేపూ మైకు ముందు ఎంత వెతికినా దొరకని ఉప్పూకారం ఇప్పుడు స్టెఫీ గొంతులోకి వచ్చింది.

భిక్షం కారు తెచ్చి ఆపాడు. "ఏడికి మేడమ్?"

"రహమత్ నగర్, అన్నా." గీతిక ఎక్కి కూర్చుని, అవతలికి జరిగి చోటిచ్చి, తలుపు పట్టుకుని తల బయటికి పెట్టింది. ఎకసెక్కం లేదు, కోపం లేదు. ఇంటికి వచ్చినవాళ్ళని మర్యాదకి అడిగినట్టు అడిగింది.

"అక్కా, నువ్వు కూడా వస్తావా?"

స్టెఫీ కారెక్కింది.